అర సెకనుకు ఏ కొలబద్ద?

టెస్టు క్రికెట్ 1877 మార్చిలో మెల్‌బోర్న్‌లో మొదలైంది కాని, బౌలర్ చేతి నుంచి బంతి ఎంత వేగంతో వెలువడిందో యంత్రంతో కొలిచి ప్రేక్షకుడికి చూపడం 1990ల చివరి సంవత్సరాల్లో గాని అలవాటు కాలేదు. అంటే దాదాపు 120 ఏళ్ల పాటు ఫాస్ట్ బౌలర్ల వేగానికి మిగిలిన సాక్ష్యమల్లా ఎదుట నిలిచి ఆడినవాళ్ల మాట, స్టంపులకు ఎన్ని గజాల వెనక వికెట్‌కీపర్ నిలబడేవాడన్న జ్ఞాపకం, పత్రికా విలేకరుల వర్ణన, కొన్ని పాత సినిమా రీళ్లు మాత్రమే. ఇంగ్లండ్ బౌలర్ హెరాల్డ్ లార్వుడ్ వేగవంతుడా, పాకిస్తాన్ బౌలర్ షోయబ్ అఖ్తర్ వేగవంతుడా అన్న వాదన తెగకపోవడానికి ఒక కారణం ఈ సాక్ష్యాల కొరత. అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. వేగం అనే మాటను బంతికి మాత్రమే చెందిన గుణంగా తీసుకుని, గంటకు ఇన్ని కిలోమీటర్లు అనే అంకె దొరికితే చాలు, ప్రశ్న తీరిపోయినట్టేనని అనుకోవడం పరిపాటి అయింది. బౌలర్ వదిలిన బంతిని చూసి, దాని దిశను పసిగట్టి, కాలు కదిపి, బ్యాట్ దించడానికి బ్యాటర్‌కు దక్కే వ్యవధి ఎంత అన్నదే అసలు కొలత. ఆ వ్యవధిని నిర్ణయించేవాటిలో బంతి వేగం ఒకటి మాత్రమే.

వేగాన్ని శాస్త్రీయంగా కొలవడానికి జరిగిన తొలి ప్రయత్నాల్లో చెప్పుకోదగినది 1955 నాటిది. అంతకు ముందే, 1954-55 యాషెస్ సిరీస్‌లో ఇంగ్లండ్ బౌలర్ ఫ్రాంక్ టైసన్ 28 వికెట్లు తీసి, సిడ్నీ టెస్టులో 10 మందిని, మెల్‌బోర్న్ టెస్టు చివరి ఇన్నింగ్స్‌లో 27 పరుగులకే ఏడుగురిని ఔట్ చేసి ఆస్ట్రేలియాను కుదేలు చేశాడు. ఆ పర్యటనకు కొనసాగింపుగా న్యూజిలాండ్ వెళ్ళినప్పుడు, వెల్లింగ్టన్‌లోని ఒక విమానశాస్త్ర విద్యాలయంలో టైసన్, బ్రయన్ స్టాథమ్ ఇద్దరి చేతా బంతులు వేయించి కొలిస్తే, టైసన్‌కు గంటకు 89 మైళ్లు, అంటే సుమారు 143 కిలోమీటర్లు, స్టాథమ్‌కు 87 మైళ్లు వచ్చాయి. చలిలో, స్వెటర్లు వేసుకుని, ఒళ్ళు వేడెక్కకుండానే వేసిన బంతులవి. అంచేత ఆ 143ను పట్టుకుని టైసన్ నేటి సగటు పేసర్‌తో సమానమని తీర్మానించడం తొందరపాటే అవుతుంది. ఇద్దరి మధ్య తేడా రెండు మైళ్లేనన్నది మాత్రం విలువైన సమాచారం. ఒకే రోజు, ఒకే పరికరం, ఒకే చలి అయినప్పుడు అంకెలు తప్పయినా వాటి మధ్య తేడా నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఆస్ట్రేలియా బౌలర్ జెఫ్ థామ్సన్ విషయంలో ఈ చిక్కు మరింత స్పష్టంగా కనబడుతుంది. 1975 డిసెంబరులో వెస్టిండీస్ జట్టు పెర్త్‌లో ఆడినప్పుడు, పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అతివేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో బౌలర్లను పరిశీలించి, థామ్సన్ బంతి వేగం గంటకు 160.45 కిలోమీటర్లని తేల్చారు. ఆ పరీక్షలోనే ఆండీ రాబర్ట్స్‌కు 159.49, మైకేల్ హోల్డింగ్‌కు 150.67, డెనిస్ లిల్లీకి 148.54 వచ్చాయి. మూడేళ్ల తర్వాత, 1978-79 సీజన్‌లో, కెర్రీ ప్యాకర్ నడిపిన వరల్డ్ సిరీస్ క్రికెట్ కాలంలో పెర్త్‌లోనే ప్రపంచ ఫాస్ట్ బౌలర్లకు పోటీ పెడితే, థామ్సనే మొదటి స్థానంలో నిలిచాడు గాని, అతని వేగం 147.9కి పడిపోయింది, హోల్డింగ్‌కు 141.3, ఇమ్రాన్ ఖాన్‌కు 139.7 వచ్చాయి. ఒకే బౌలర్, ఒకే ఊరు, తేడా 12 కిలోమీటర్లకు పైన. ఈ తేడాలో కొంత థామ్సన్ శరీరానికి చెందింది. 1976 డిసెంబరులో అడిలైడ్‌లో పాకిస్తాన్‌పై ఆడుతూ, గాలిలోకి లేచిన క్యాచ్ కోసం పరుగెత్తి సహచరుడు అలన్ టర్నర్‌ను ఢీకొనడంతో అతని కుడి భుజం దెబ్బతింది. ఆ తర్వాత అతను మునుపటి థామ్సన్ కాలేదని అతనితో ఆడినవాళ్ల అభిప్రాయం. అయితే భుజం దెబ్బతినని హోల్డింగ్‌కు కూడా 9 కిలోమీటర్లు తగ్గాయి కనుక, మిగిలిన తేడా పరికరానికీ, సందర్భానికీ చెందుతుందని ఒప్పుకోక తప్పదు. కసితో, మ్యాచ్ వేడిలో వేసిన బంతి వేరు, పోటీలో వంతు వచ్చినప్పుడు వేసే బంతి వేరు.

ఇప్పుడు మైదానాల్లో వాడే స్పీడ్ గన్ రాడార్ సూత్రం మీద పనిచేస్తుంది. అది పంపిన తరంగం కదులుతున్న బంతికి తగిలి వెనక్కి వచ్చేటప్పుడు తరంగపు పౌనఃపున్యం, అంటే సెకనుకు వచ్చే ప్రకంపనల సంఖ్య, మారుతుంది; ఆ మార్పు ఎంతన్నది చూసి వేగాన్ని లెక్కగడతారు. దీన్ని డాప్లర్ ప్రభావం అంటారు. హైవేల మీద పోలీసులు వాహనాల వేగం పట్టే పరికరంలో ఉన్నదీ ఇదే. తెర మీద కనిపించే అంకె బంతి చేతిని వీడిన క్షణానిది, అంటే దాని ప్రయాణంలో అతి ఎక్కువ వేగం ఉన్న క్షణానిది. గాలి నిరోధం వల్ల నేలను తాకేలోపే దాదాపు పదోవంతు వేగం తగ్గిపోతుంది. నేలను తాకినప్పుడు ఇంకొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది పిచ్ గట్టిదనాన్ని బట్టి ఉంటుంది. అందుచేత పెర్త్ లాంటి గట్టి పిచ్ మీద 140తో వేసిన బంతి బ్యాట్ దగ్గరకు వచ్చేసరికి, మెత్తటి పిచ్ మీద 145తో వేసిన బంతి కన్నా చురుగ్గా ఉండవచ్చు. యంత్రం తడబడటమూ ఉంది. 2024 డిసెంబరులో అడిలైడ్ టెస్టు తొలిరోజున హైదరాబాద్ పేసర్ మహమ్మద్ సిరాజ్ వేసిన ఒక బంతికి తెర మీద గంటకు 181.6 కిలోమీటర్లని పడింది. అంత వేగం మానవ మాత్రుడికి సాధ్యం కాదని చూసినవాళ్లందరికీ తెలుసు కనుక ఆ అంకె చెల్లలేదు. అదే యంత్రం 140కి బదులు 149 చూపి ఉంటే ఎవరూ శంకించేవాళ్లు కాదన్నది ఆలోచించదగిన సంగతి. 2003 ఫిబ్రవరి 22న కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్ ఓపెనర్ నిక్ నైట్‌కు షోయబ్ అఖ్తర్ వేసిన బంతి 161.3 కిలోమీటర్లుగా నమోదై నేటికీ రికార్డుగా నిలిచి ఉంది. ఆ బంతిని నైట్ ఆడగలిగాడు, ఔట్ కాలేదు.

వ్యవధి లెక్కను ఒకసారి దగ్గరగా చూడాలి. పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు, రెండు వైపులా స్టంపులకు నాలుగేసి అడుగుల ముందు పాపింగ్ క్రీజు, అంటే బ్యాటర్ నిలబడే గీత, ఉంటుంది. ఒక పాపింగ్ క్రీజు నుంచి రెండోదానికి 58 అడుగులు, సుమారు 17.7 మీటర్లు. గాలి నిరోధాన్ని కాసేపు పక్కన పెడితే, 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని 0.42 సెకన్లలో, 140తో వచ్చేది 0.45 సెకన్లలో దాటుతుంది. పేసర్ల వంశవృక్షంలో మనిషిని పై కొమ్మ మీద కూర్చోబెట్టే ఆ 10 కిలోమీటర్ల విలువ సెకనులో నూటికి మూడు వంతులన్న మాట. ఇప్పుడు 140తో వేసే బౌలర్ ఒక మీటరు ముందుకు వచ్చి బంతి వదిలాడనుకుంటే, బ్యాటర్‌కు మిగిలే వ్యవధి 0.43 సెకన్లు. ఒక్క మీటరుతో పది కిలోమీటర్లలో ముప్పాతిక పైగా పూడిపోయింది.

ఇది ఊహ కాదు, పాత కాలపు నిబంధన అనుమతించిన వాస్తవం. నేటి నోబాల్ నిబంధన ప్రకారం బౌలర్ ముందుకాలి మడమ భాగమైనా పాపింగ్ క్రీజు వెనక ఉండాలి. 1960ల వరకు అమల్లో ఉన్న నిబంధన వెనక కాలును చూసేది, అది స్టంపుల గీత, అంటే బౌలింగ్ క్రీజు, వెనక పడితే చాలు. కాలు వెనకే పడేది గాని, ఫాస్ట్ బౌలర్లు బొటనవేలిని నేల మీద ఈడ్చుకుంటూ ముందుకు జారి, బంతిని వదిలే సరికి పాపింగ్ క్రీజును బాగా దాటిపోయేవాళ్లు. దీనికి డ్రాగ్ అని పేరు. 1948లో రే లిండ్వాల్ డ్రాగ్ గురించి కెప్టెన్ బ్రాడ్‌మన్ ఆందోళన పడ్డాడు. 1958-59లో ఆస్ట్రేలియా పొడగరి గార్డన్ రార్క్ ఈ విద్యలో మరీ దూరం వెళ్ళి వివాదాస్పదుడయ్యాడు. ఆ వివాదాల ఫలితమే ముందుకాలి నిబంధన. కాబట్టి లిండ్వాల్ తరం బౌలర్లకు ఏ యంత్రమైనా 140 చూపినా, వాళ్లను ఎదుర్కొన్న బ్యాటర్లు తమ జ్ఞాపకాల్లో అంతకు మించిన వేగాన్ని చెప్పడం అతిశయోక్తి కాదు. వాళ్లకు దక్కిన వ్యవధి నిజంగానే తక్కువ. పాతకాలం మనుషులు గతాన్ని ఘనంగా చెప్పుకుంటారని కొట్టిపారేసే విమర్శకులు ఈ ఒక్క మీటరును లెక్కలోకి తీసుకోవడం లేదు.

హెల్మెట్లు 1970ల చివర్లో వచ్చాయి. ఓవర్‌కు ఇన్ని బౌన్సర్లే అన్న పరిమితి 1990లలో వచ్చింది. వర్షం పడినా పిచ్‌ను కప్పకుండా వదిలేసే పద్ధతి క్రమంగా పోయింది. ఇవన్నీ బ్యాటర్ భయాన్ని, తద్వారా అతనికి అనిపించే వేగాన్ని మార్చాయి. ఆ వివరాలు చాలాచోట్ల వచ్చినవే కనుక ఇక్కడ అంత విస్తరించనక్కరలేదు. అంతగా ప్రచారం పొందని అంశం అలవాటు. వేగం ఎదుటివాడి అనుభవాన్ని బట్టి మారుతుందనడానికి భారత క్రికెట్ చరిత్రలోనే, అందులోనూ హైదరాబాద్‌తో ముడిపడిన ఒక ప్రయోగం నిదర్శనం.

1958-59లో వెస్టిండీస్ జట్టు భారత్‌కు వచ్చినప్పుడు వెస్లీ హాల్ 5 టెస్టుల్లో 30 వికెట్లు, రాయ్ గిల్‌క్రిస్ట్ 4 టెస్టుల్లో 26 వికెట్లు పడగొట్టి భారత బ్యాటింగ్‌ను చిన్నాభిన్నం చేశారు. పర్యటన చివర్లో అమృత్‌సర్ మ్యాచ్‌లో గిల్‌క్రిస్ట్ ప్రత్యర్థి బ్యాటర్‌పై బీమర్లు, అంటే నేలను తాకకుండా నేరుగా తలకు వచ్చే బంతులు, వేయడంతో కెప్టెన్ గెర్రీ అలెగ్జాండర్ అతన్ని ఇంటికి పంపేశాడు. అతను మళ్ళీ టెస్టు ఆడలేదు. 1962లో భారత జట్టు వెస్టిండీస్ వెళ్ళినప్పుడు బార్బడోస్ మ్యాచ్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలి ప్రాణం మీదికి వచ్చింది; వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ అతనికి రక్తదానం చేశాడు. ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఓడిన తర్వాత భారత బోర్డు తీసుకున్న నిర్ణయం ఎంతో తెలివైనది. దేశవాళీ పోటీల్లో అసలైన వేగం అంటే ఏమిటో తెలియని బ్యాటర్లకు అది అలవాటు చేయడం కోసం 1962-63 రంజీ సీజన్‌కు నలుగురు వెస్టిండీస్ పేసర్లను రప్పించారు. చెస్టర్ వాట్సన్ ఢిల్లీకి, చార్లీ స్టేయర్స్ బొంబాయికి, లెస్టర్ కింగ్ బెంగాల్‌కు ఆడారు. ఇంటికి పంపబడ్డ గిల్‌క్రిస్ట్ హైదరాబాద్ జట్టుకు ఆడాడు. అదే సీజన్‌లో హైదరాబాద్‌తో జరిగిన మ్యాచ్‌లో గిల్‌క్రిస్ట్ నిప్పులు చెరుగుతుంటే బెంగాల్ సీనియర్ పంకజ్ రాయ్ రెండు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీలు చేశాడు. బౌలర్ మారలేదు, అతని భుజం మారలేదు. అంతకు నాలుగేళ్ల ముందు ఇదే దేశంలో భీతావహంగా తోచిన వేగానికి రాయ్ లాంటి అనుభవశాలి నిలబడి సమాధానం చెప్పగలిగాడు. ఏ కాలపు బౌలర్ వేగం గురించి చెప్పేటప్పుడైనా, అతన్ని ఎదుర్కొన్న బ్యాటర్లు అంతకు ముందు ఎలాంటి బౌలింగ్ మీద పెరిగారన్న ప్రశ్న అడగక తప్పదు.

వేగం నుంచి ఘనతకు వస్తే దారి ఇంకా వంకరగా సాగుతుంది. స్పీడ్ గన్ మీద 160 దాటినవాళ్లలో షోయబ్ అఖ్తర్ టెస్టు సగటు, అంటే ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులు, 25.69, బ్రెట్ లీది 30.81, షాన్ టెయిట్ ఆడిన టెస్టులు మూడే. థామ్సన్ సరిగ్గా 200 వికెట్లు 28 పరుగుల సగటుతో తీశాడు. ఇక వేగంలో వాళ్ల దరిదాపులకు రాని గ్లెన్ మెక్‌గ్రాత్ 563 వికెట్లు 21.64 సగటుతో తీశాడు. వేగం బౌలర్ చేతిలో ఉన్న ఆయుధాల్లో ఒకటి. బంతిని గాలిలో వంచే స్వింగ్, కుట్టు మీద పడి తిరిగే సీమ్, ఒకే చోట పదేపదే వేయగల క్రమశిక్షణ, బ్యాటర్ బలహీనతను ఓపిగ్గా వెతికే బుద్ధి, ఇవన్నీ కలిస్తేనే ఘనత.

మరి సగటునే కొలబద్దగా తీసుకోవచ్చా అంటే అదీ చిక్కే. టెస్టు చరిత్రలో 100 వికెట్లు దాటినవాళ్లలో అందరికన్నా తక్కువ సగటు జార్జ్ లోమన్‌ది. 19వ శతాబ్దం చివర్లో 18 టెస్టుల్లో 112 వికెట్లు 10.75 సగటుతో తీశాడు. అతనిది మీడియం వేగమే. కప్పని పిచ్‌లు, అప్పుడప్పుడే ఆట నేర్చుకుంటున్న దక్షిణాఫ్రికా లాంటి జట్లు అతనికి తోడయ్యాయి. అంతమాత్రాన లోమన్‌ను తోసిపుచ్చడం న్యాయం కాదు, అవే పిచ్‌ల మీద వేసిన ఇతర బౌలర్లకు ఆ సగటు రాలేదు కనుక. సిడ్నీ బార్న్స్ విషయమూ అంతే. 1913-14లో దక్షిణాఫ్రికాలో, మ్యాటింగ్ పరిచిన పిచ్‌ల మీద, 4 టెస్టులే ఆడి 49 వికెట్లు తీశాడు. ఒక సిరీస్‌లో అంతకు మించి ఈనాటికీ ఎవరూ తీయలేదు. అంచేత ఒక బౌలర్‌ను తూచాలంటే తరాలు దాటిన సగటులతో కాక, అతను వేసిన మైదానంలో, అదే రోజు, అదే బంతితో వేసిన ఇతరులతో తూచాలి.

ఆ తూకానికి 1976 ఆగస్టు నాటి ఓవల్ టెస్టు కన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆ వేసవి ఇంగ్లండ్‌లో కరువు వేసవి. గడ్డి ఎండి మైదానం గోధుమరంగుకు తిరిగింది. పిచ్ నిస్సారంగా, బౌన్స్ లేకుండా ఉంది. వివియన్ రిచర్డ్స్ 291 పరుగులు చేయగా వెస్టిండీస్ 8 వికెట్లకు 687 దగ్గర డిక్లేర్ చేసింది. ఇంగ్లండ్ కూడా డెనిస్ అమిస్ 203 సాయంతో 435 చేసింది. అలాంటి పిచ్ మీద మైకేల్ హోల్డింగ్ రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 149 పరుగులిచ్చి 14 వికెట్లు తీశాడు. వెస్టిండీస్ పడగొట్టిన 20 వికెట్లలో మిగిలిన బౌలర్లందరి వంతుకు ఆరుకు మించి రాలేదు. నేల సాయం చేయనప్పుడు హోల్డింగ్ నేలను నమ్ముకోవడం మానేసి, బంతిని నిండుగా, స్టంపుల మీదికే వేశాడు. అతని బాధితుల్లో అత్యధికులు బౌల్డో, ఎల్బీడబ్ల్యూనో అయ్యారు. అడుగుల చప్పుడు లేని ఆ పరుగు, చివరి క్షణం దాకా నిటారుగా ఉండే ఆ తల, ఎండిన నేల మీద కూడా బ్యాటర్‌కు వ్యవధి చిక్కనివ్వని ఆ బంతి, ఇవి చూసినవాళ్లకు వేగం, ఘనత విడివిడి విషయాలుగా తోచి ఉండవు. ఏ యంత్రమూ ఆ రోజు అక్కడ లేదు. ఉన్నా తీర్పు మారేది కాదు.

వెస్టిండీస్ పేసర్ మాల్కం మార్షల్ 1983-84లో భారత్‌లో ఆడిన సిరీస్ కూడా ఇలాంటి తూకానికే నిలుస్తుంది. పేసర్లకు స్మశానాలుగా పేరుపడ్డ భారత పిచ్‌ల మీద ఆరు టెస్టుల్లో 33 వికెట్లు తీసిన మార్షల్, కాన్పూర్‌లో సునీల్ గవాస్కర్ చేతిలోని బ్యాట్‌ను ఎగరగొట్టిన దృశ్యం నాటి వాళ్లెవరూ మరచిపోలేదు. అయితే ఆ సిరీస్‌లోనే కపిల్‌దేవ్ 29 వికెట్లు తీశాడు. అహ్మదాబాద్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 83 పరుగులకు 9 వికెట్లు పడగొట్టాడు. ఇద్దరి సిరీస్ సగటూ 19 లోపే. మార్షల్‌కు మరో వైపు నుంచి హోల్డింగ్ ఉన్నాడు. ఎదుట ఓటమితో కుంగిన బ్యాటింగ్ ఉంది. కపిల్‌కు తోడుగా ఆ స్థాయి పేసర్ లేడు, ఎదుట గ్రీనిడ్జ్, హేన్స్, రిచర్డ్స్, లాయిడ్ ఉన్నారు. వేగంలో ఇద్దరికీ పోలిక లేదు. ఆ ఆరు టెస్టుల వరకు కపిల్‌ను మార్షల్ కన్నా తక్కువగా తూచే త్రాసు ఏదీ కనబడదు. వృత్తి జీవితం మొత్తం మీద మార్షల్ 20.94, కపిల్ 29.64 అన్న అంకెలు పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేవాళ్లు ఈ సిరీస్‌ను ఒకసారి తిరగేయాలి.

ఈ కాలానికి వస్తే, 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో జస్‌ప్రీత్ బుమ్రా 200 టెస్టు వికెట్లు పూర్తిచేసినప్పుడు అతని సగటు 20కి లోపే ఉంది. ఆ మైలురాయిని అంత తక్కువ సగటుతో చేరినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు. అంకెల రీత్యా అది అద్భుతమే. అయితే ఘనతకు ఇంకో ముఖం ఉంది, దాన్ని స్పీడ్ గన్ గాని సగటు గాని పట్టుకోలేవు. 2025 వేసవిలో ఇంగ్లండ్‌తో ఐదు టెస్టులూ ఆడిన ఏకైక భారత పేసర్ సిరాజ్ ఆ సిరీస్‌లో మొత్తం 185.3 ఓవర్లు, అంటే 1,113 బంతులు వేశాడు. ఆ చివరి, 1,113వ బంతి యార్కరై గస్ అట్కిన్సన్ ఆఫ్‌స్టంప్‌ను పడగొట్టడంతో భారత్ 6 పరుగులతో గెలిచింది. ఏడు వారాల బరువు మోసిన భుజం నుంచి వచ్చిన ఆ బంతి వేగం అప్పటికీ 140 దాటే ఉంది.

యంత్రం ఎన్నడూ కొలవని ఒక భారతీయుడి సంగతి చివరికి మిగిలింది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ తన తొలి టెస్టు ఆడినప్పుడు, నాగపూర్‌లో పుట్టిన తెలుగు కుటుంబీకుడు సి.కె. నాయుడు కెప్టెన్‌గా కొత్త బంతిని మహమ్మద్ నిసార్ చేతికి ఇచ్చాడు. ఎదుట ఉన్న ఓపెనర్లు పెర్సీ హోమ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. తొమ్మిది రోజుల ముందు వీళ్లిద్దరే యార్క్‌షైర్ తరఫున ఎసెక్స్ మీద తొలి వికెట్‌కు 555 పరుగులు జోడించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. నిసార్ ఇద్దరినీ బౌల్డ్ చేశాడు. ఫ్రాంక్ వూలీ రనౌట్ కావడంతో ఇంగ్లండ్ 19 పరుగులకు 3 వికెట్లు కోల్పోయింది. ఆ ఇన్నింగ్స్‌లో నిసార్ 93 పరుగులకు 5 వికెట్లు తీశాడు. తొలి స్పెల్‌లో అతను లార్వుడ్ కన్నా వేగంగా వేసేవాడని నాయుడు అన్నట్టు క్రికెట్ చరిత్రకారులు రాశారు. లార్వుడ్ ఆ తర్వాత ఆరు నెలలకు ఆస్ట్రేలియాలో బాడీలైన్ వ్యూహంతో, అంటే శరీరానికి గురిపెట్టి లెగ్‌సైడ్‌లో ఫీల్డర్లను మోహరించే పద్ధతితో, 33 వికెట్లు తీసి చరిత్రకెక్కాడు. నిసార్‌కు దక్కినవి ఆరే టెస్టులు. చివరిది 1936లో ఓవల్‌లో. అక్కడా అతను 5 వికెట్లు తీశాడు. తర్వాత యుద్ధం వచ్చింది. భారత్ మళ్ళీ టెస్టు ఆడే నాటికి పదేళ్లు గడిచాయి, నిసార్ వయసు 35 దాటింది, జట్టులో అతని పేరు లేదు.